కాకర తెరలో వంగ పురుగులు

మా పక్కింటి మేడం పోయిన నెలలో కాలం చేశారు. యాప్రాల్‌లో మా గోడలు ఆనుకొనే ఉంటాయి. ఆ పొద్దున వాళ్ల చెల్లెలి కొడుకు గోడ మీదుగా పిలిచి, "పెద్దమ్మ నిద్రలోనే పోయిందండీ" అన్నాడు. "కుండీలకు నీళ్లు పోసిన్రా?" అని అడిగాను. అట్లా ఎందుకడిగానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆమె దగ్గర చదివినవాళ్లు ఆమె మీద పుస్తకం వేస్తున్నారు. నన్నూ రాయమన్నారు. నేను ఊళ్లో ఏడు దాకా చదివినవాణ్ణి. తెలిసినంత రాస్తున్నాను.

మేడం కాలేజీలో పురుగుల చదువు చెప్పి రిటైరైనారు. డాబా మీద రెండు కుండీలు పెట్టి, ఒకదాంట్లో వంగ, ఒకదాంట్లో కాకర వేసి, రెండింటికీ దోమతెర కప్పారు. తెర లోపల అక్షింతల పురుగులు. ఎర్రగా, నల్ల చుక్కలతో, ఆకును గీకి జల్లెడ చేసే పురుగులు. సేద్యం చేసినన్నాళ్లూ వాటికి మందు కొట్టినవాణ్ణి నేను. ఈమె సాకుతుంటే వింతగా చూసేవాణ్ణి.

"రెండూ ఒక్కటే గద మేడం, ఎందుకు వేరువేరుగ పెట్టిన్రు?" అని అడిగాను.

"అదే నాకూ తేలట్లేదు, అన్నగారూ. ఒకప్పుడు ఒకటే అయ్యుండొచ్చు. ఇది వంగ తప్ప ముట్టదు, అది కాకర తప్ప ముట్టదు. తిన్న చెట్టు మీదే జత కడతాయి. కంచం వేరైతే, పోనుపోను వంశమే వేరైపోతుంది."

"మా ఊర్ల అన్నదమ్ములు సుత అంతే. పొయ్యి వేరు పడ్డంక మాటల్లేవు."

ఆమె నవ్వారు. "వాళ్లు పెళ్లిళ్లకైనా కలుస్తారు కదండీ. వీటికి ఆ పెళ్లిళ్ల దగ్గరే తెగిపోతుంది."

వారానికోసారి స్టీలు పళ్లెంలో ఒక పక్క వంగాకు, ఒక పక్క కాకరాకు పెట్టి, నడుమ ఒక్కో పురుగును వదిలేవారు. ఎటు పోతే అది నోటుబుక్కులో రాసేవారు. కాఫీ చల్లారినా లేచేవారు కాదు. "తొందరపెడితే అది మన కోసం నడుస్తుంది, దాని కోసం కాదు" అనేవారు. ఆ మాట సగమే అర్థమైంది నాకు.

మొన్నటి వానల్లో ఆమె ఆసుపత్రికి పోయిన పూట పెద్ద గాలి వచ్చింది. వంగ కుండీ పడిపోయింది, కాకర తెర చిరిగింది. ఏడెనిమిది పురుగులు నేల మీద పడి ఉన్నాయి. ఏది దేనిదో తెలియలేదు. ఎట్లయినా ఒక్కటే జాతి పురుగులు గదా అనుకొని అన్నిటినీ కాకర తెరలో వేశాను. పడ్డ కుండీని లేపి పెట్టి, చిరుగు కనబడకుండా దారంతో కుట్టాను.

రెండో రోజు మేడం గోడ దగ్గరికొచ్చి పిలిచారు. "పళ్లెంలో పెడితే కాకర తెరలోవి రెండు వంగాకు కొరికాయి, అన్నగారూ. ఇన్నేళ్లలో ఇదే మొదలు. ఇంకోసారి చూసి గానీ నమ్మను." ఆమె మొఖంలో అంత సంతోషం ఎన్నడూ చూడలేదు. నేను చేసింది రేపు చెబుదామనుకున్నాను. ఇంకోసారి చూడకుండానే ఆమె పోయారు.

నోటుబుక్కులు తీసుకుపోవడానికి ఆమె శిష్యురాలు వచ్చింది. ఇప్పుడు తనూ పాఠాలు చెబుతుంది. చివరి పేజీ పుస్తకంలో అచ్చు వేస్తామంది. అప్పుడు చెప్పాను.

"ఏందీ తాతా, ఇప్పుడా చెప్పేది?"

"తప్పే బిడ్డా."

"వంగాకు దిక్కు పోయినవి నువ్వు వేసినవేనా?"

"తెల్వది. కావచ్చు. కాకపోవచ్చు సుత. అన్నీ ఒక్క తీరే ఉంటయి."

ఆమె ఆ పేజీ చింపలేదు, కొట్టేయలేదు. మేడం రాత కింద, గాలికి తెర చిరిగిందని, రెండు కుండీల పురుగులు కలిశాయని పెన్సిలుతో రాసి, నా చేత సంతకం పెట్టించింది. మేడంకు మేలు చేశానో, ఆమె చివరి సంతోషం తీసేశానో నాకు తెలియడం లేదు.

కుండీలను కూడా ఆ శిష్యురాలే తీసుకుపోయింది. ఆటోలో ఒకటి ఆ పక్క, ఒకటి ఈ పక్క పెట్టుకొని నడుమ తను కూర్చుంది. ఆటో మూల తిరిగేదాకా ఆమె చేతులు చెరొక తెర మీదే ఉన్నాయి.