నల్లమ్మ మీద కొలిచిన శాలువా

మా మేనత్త జయమణి చేతిలో అల్లిక సూదులు చూసి గాజువాకలో మా వీధంతా నవ్వింది. ఇంత ఉక్కలో ఊలు శాలువా ఏమిటని. నవ్వితే నవ్వారు! నవ్విన నాపచేనే పండుతుంది. పెరట్లో గేదె నల్లమ్మ పక్కన పీట వేసుకుని, మేకలకి అందకుండా ఊలు ఉండను పాల క్యానులో పెట్టి, అత్త దర్జాగా అల్లుకుపోయేది.

శాలువా మా మావయ్య సుందర్ రాజ్‌కి. ఏళ్ళ తరబడి ఉక్కు కొలిమి ముందు చెమటోడ్చిన భారీ మనిషి, కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకుంటూ ఆస్పత్రి ఏసీలో గజగజ వణికేవాడు. అక్కడిచ్చే దుప్పటి ఆయన మోకాళ్ళు దాటదు.

చిక్కల్లా కొలతతోనే. మావయ్య తండ్రి శవపెట్టెలు చేసే వడ్రంగి. ఆ ఇంట్లో పెరిగినవాడి ఒంటికి టేపు ఆనిస్తే ఊరుకుంటాడా? ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకని అత్త శాలువాని నల్లమ్మ వీపు మీద పరిచి చూసుకునేది.

"ఇదీ, మీ మావయ్యా ఒకటే ఒడ్డూ పొడుగూ. ఏటలా సూత్తన్నావ్? ఆ కొస లాగు," అని నన్ను కసిరేది. నల్లమ్మ నెమరేస్తూ కదలకుండా నిలబడేది.

ఇంక అంచు ఒక్కటే మిగిలిందనగా మావయ్య మొండికేశాడు. "నాను రాను. ఆ సలికి సచ్చేకంటే ఇంటికాడే పోతాను," అన్నాడు. ఒక విడత మానేశాడు కూడా. కాళ్ళు పొంగిపోయాయి. ఇంకోసారి మానేస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. నేను ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను. అత్త మాత్రం పీట మీంచి లేవకుండా అంచు ముగించి, తిన్నగా మంచం దగ్గరికెళ్ళి శాలువా కప్పింది. మెడ నుంచి పాదాల దాకా సరిపోయింది.

"ఏటే, గేదె వాసనేస్తంది?" అన్నాడు మావయ్య.

"దానిమీదే కొలిసినాను. లెగండి, ఆటో వొచ్చింది."

మావయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఆటో ఎక్కాడు.

ఆస్పత్రిలో మేం బయట కూర్చున్నాం. నేను గోళ్ళు కొరుక్కుంటుంటే, అత్త ఫోనులో మేకలకి మేత వేశారా లేదా అని పక్కింటివాళ్ళని అడుగుతోంది. ఎప్పటికో తలుపు తెరుచుకుంది. మావయ్య శాలువా భుజాన వేసుకుని, గుమ్మంలో ఆగి నర్సుతో మాట్లాడుతున్నాడు.

"గురువారం వొచ్చినప్పుడు నాకు ఆ ఏసీ కిందున్న మంచం ఇయ్యమ్మా. అక్కడున్న ముసిలాయన వణికిపోతన్నాడు."

గురువారం అన్న మాట చెవిన పడగానే, అంత ధీమా గల మా అత్త నా భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చేసింది.