తగ్గితే మంచిదేగా

రేపల్లెలో ఉండే మా బాబాయికి కరోనా వచ్చింది. ఇంట్లోనే మందులు వాడుతున్నాడు. మొన్న నేను తెనాలి నుంచి ఆక్సిజన్ చూసుకునే మీటరు తీసుకెళ్లి, వేలికి ఎలా పెట్టుకోవాలో గుమ్మం బయట నుంచే చూపించి వచ్చాను. ఈ రోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఆయాసపడుతున్నాడు గానీ, మాటల్లో మాత్రం హుషారుంది.

"మీటరు ఎంత చూపిస్తోంది బాబాయ్?"

"బాగా తగ్గిందిరా! పొద్దున తొంభై నాలుగుంది, ఇప్పుడు ఎనభై ఆరు. మందులు పనిచేస్తన్నాయి."

వెంటనే వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆయన జీవితమంతా చేసింది ధాన్యం వ్యాపారం. తేమ చూసే మీటరులో అంకె ఎంత తగ్గితే సరుకు అంత మంచిది. జ్వరమైనా, బీపీ అయినా, షుగరైనా తగ్గాలనే కదా డాక్టర్లూ చెప్పేది! ఇదొక్కటి తగ్గకూడదని ఆయనకు ఎవరు చెప్పారు? మీటరు ఇచ్చిన నేనే చెప్పలేదు. బటన్ ఎక్కడుందో చెప్పి వచ్చేశాను.

కారు మాట్లాడి, సాయంత్రానికి తెనాలిలో ఒక ఆసుపత్రికి తెచ్చాం. ఇంత హడావిడి ఎందుకని పిన్ని దారంతా అడుగుతూనే ఉంది. వివరంగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. బెడ్ దొరికింది, ఆక్సిజన్ పెట్టారు. ఇందాక నర్సు బయటికొచ్చి, "ఎనభై రెండుందండి" అని చెప్పి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

మెట్ల మీద నా పక్కనే కూర్చున్న పిన్ని, "హమ్మయ్య, ఇంకా తగ్గింది" అంటూ, కారెక్కినప్పటి నుంచి ముట్టని మంచినీళ్లు అప్పుడు తాగింది.

నేను సీసా అందుకుని మూత పెట్టాను. మీరైతే చెప్పేవారా?