అచ్చాయమ్మ గట్టు

ధవళేశ్వరంలో చేప తినే ఇళ్లన్నిటికీ అచ్చాయమ్మ వాకిలి తెలుసు. గోదావరిలో పట్టిందైనా, చెరువు చేపైనా, కొన్నవాళ్లు సంచి పట్టుకుని కోయించుకోవడానికి ఆవిడ గేటు దగ్గరికే వచ్చేవారు. కత్తిపీట మీద కాలు నొక్కిపెట్టి ఆవిడ కూర్చుందంటే ఎంత జారుడు కొరమీనైనా కాస్త బూడిద రాసుకుని లొంగిపోవలసిందే. ముక్క చితికేది కాదు, కడుపులో చేదుతిత్తి పగిలేది కాదు. నోరు మాత్రం కత్తికంటే పదును. ముక్క బాగుంటే నోటిని ఎవరు పట్టించుకుంటారు?

అలాంటి మనిషికి మోకాళ్లు ఎదురు తిరిగాయి. దీపావళి ముందు ఒకనాడు పీట దగ్గర కూర్చున్న అచ్చాయమ్మ మళ్లీ లేవలేకపోయింది. ఇద్దరు పట్టుకుని లేపారు. రాజమండ్రిలో డాక్టరు ఫొటోలు తీయించి, నేల మీద కూర్చోవడం ఇంక కుదరదన్నాడు.

“మరి చేపలు కోసేదెలా బాబూ?”

“మానెయ్యండమ్మా, చాలు.”

చాలో కాదో చెప్పడానికి ఆయనెవరు? ఆయన తల నెరిసిపోలేదా, కుర్చీ వదిలాడా? అచ్చాయమ్మ దారి పొడుగునా ఆటోలో అదే అంది.

కొడుకు లోకనాథ్ మంచివాడే. తల్లి బాధ చూడలేక నడుమెత్తు బల్ల, వెడల్పాటి కత్తి తెచ్చి ముందు పెట్టాడు.

“నిలబడి కొయ్యమ్మా. హోటళ్లలో అందరూ ఇలాగే కోస్తారు.”

ఆవిడ నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చేతిలో కదిలింది చేపే గానీ కత్తి కాదు. కత్తి నిలిచి ఉంటుంది, చేపను దానికేసి తోయాలి. ఇప్పుడు చేప పడుకుంది, కత్తి కదలాలట. రెండో చేపకే వేలు తెగింది. భుజాలు లాగేశాయి.

“ఇంక వదిలెయ్యమ్మా, నేను లేనా?” అన్నాడు లోకనాథ్.

“నువ్వుంటే ఉండు. నన్ను గుమ్మంలో బొమ్మలా కూర్చోబెడతావేంటి?”

ఇంతలో కార్తీకం వచ్చింది. ఊళ్లో సగం ఇళ్లు నీచు మానేశాయి, ఆవిడ ఇంటితో సహా. నెల వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం మాత్రం జనం నోరు చవిచచ్చి చేపల మీద పడతారు. ఆ రోజు అచ్చాయమ్మ వాకిలి ఖాళీగా కనిపిస్తే, అందరూ వీధి చివర చేపలు కోసే సూరమ్మ దగ్గరికి పోతారు. అలవాటుపడిన కాళ్లు మళ్లీ ఇటు తిరగవు. ఆవిడకు ఉన్న గడువు ఆ నెలే.

కత్తిపీటను బల్ల మీద పెట్టి చూసింది. కాలు అందదు, పీట ఆగదు. రోజంతా దాని చుట్టూ తిరిగింది. మర్నాడు కోడలు బేబీ కొబ్బరికోరు పీట మీద కూర్చుని కోరుతుంటే అచ్చాయమ్మ అక్కడే నిలబడిపోయింది. కోరును కదలకుండా ఆపుతున్నది కాలు కాదు, కూర్చున్న మనిషి బరువు.

తాపీ మేస్త్రీ సాల్మన్‌ను పిలిపించింది. వాకిట్లో తూర్పు పడమరలుగా, కత్తిపీట పట్టేలా పొడుగాటి సిమెంటు గట్టు కావాలంది. పీట వెనక చెక్కను ఇంకాస్త పొడిగించి దాని మీదే కూర్చుంటుంది. గోచీకట్టు మనిషికి అటో కాలు ఇటో కాలు వేసుకోవడం కష్టమేం కాదు.

“గట్లన్నీ ఈ ఎత్తే కడతామండి పిన్నిగారూ,” అని సాల్మన్ తన మోకాలి పైకి చెయ్యి చూపించాడు.

“దాని మీద వేలాడేది నీ కాళ్లా నా కాళ్లా? పాదం మొత్తం నేల మీద ఆనాలి. ఇదిగో, ఇక్కణ్ణుంచి కొలు.”

సాల్మన్ నవ్వుతూ ఆవిడ మోకాలి మడత నుంచి నేల దాకా టేపు పట్టాడు. గట్టు నడిమికి చేపల గిన్నెకు కుడి పక్క ఒక దిమ్మ, ముక్కల గిన్నెకు ఎడమ పక్క ఒకటి, వంగే పని లేకుండా. నీళ్లు పోయే వాలు దగ్గర మాత్రం మొగుడు గంగయ్య వచ్చి నిలబడ్డాడు.

“నీళ్లు ఈశాన్యానికే పోవాలి. కాదంటే ఇంట్లో నేనుండను.”

“ఉండకు,” అంది గానీ, ఆ ఒక్క మాటా ఒప్పుకుంది. తనకూ లోపల వాస్తు భయం ఉంది.

గేటు పడమర. వచ్చేవాళ్ల మొహాలు కనపడాలని పీటను గట్టు తూర్పు కొసన పెట్టి, పడమటికి తిరిగి కూర్చుంది. కార్తీకంలో ఇంట్లోకి చేప రాకూడదు కనక ఆనపకాయలతో చేతిని సాధన చేసింది. కాయ కాయా పల్చటి చక్రాలయ్యాయి. ఇంటిల్లిపాదీ ఆనపకాయ కూర తిని తిని విసిగిపోయారు. నడుం నొప్పి లేదు, మోకాలు మడవక్కర్లేదు. అచ్చాయమ్మ వీధంతా వినబడేలా డాక్టరును రెండు మాటలంది.

ఆ ఆదివారం రానే వచ్చింది. తెల్లారేసరికి గేటు బయట సంచులు బారు తీరాయి. మొదటిది మీనాకుమారి టీచరుగారి శీలావతి చేప. పొలుసు తీసి, కడుపు చీల్చి, చెంబెడు నీళ్లు కుమ్మరించింది. ఆ నీళ్లు నెత్తురుతో సహా ఈశాన్యానికి బయలుదేరాయి. దారిలో ఉన్నది అచ్చాయమ్మ ఒళ్లు. కచ్చంతా తడిసిపోయింది.

ఆనపకాయకు నెత్తురుండదు కదా, కడిగే పని పడలేదు. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

“అయ్యో, చీరంతా పాడైందే! పోనీ సూరమ్మ దగ్గర కోయించుకుంటానులే, నువ్వు లేచి మార్చుకో,” అంది టీచరుగారు, మంచికే.

“మీ చేప నా చేతిలో ఉందండి. చేప లేకుండా సూరమ్మ దగ్గరికెళ్లి ఏం కోయిస్తారు?”

అచ్చాయమ్మ లేచింది. పీట ఎత్తి పడమటి కొసకు తెచ్చి, తూర్పుకు తిరిగి కూర్చుంది. గిన్నెలు మార్పించింది. చెంబు నీళ్లు పోసి చూసింది. చక్కగా దూరంగా పోయాయి. కానీ ఇప్పుడు వీపు గేటుకేసి ఉంది. వీపుతో బేరమాడడం ఆవిడకు రాదు. తూర్పు వైపు చూస్తే అక్కడ పందిరి కింద గంగయ్య కుర్చీ, వల, రేడియో.

“ఏవయ్యా, లే. జనం ఇటు రావాలి.”

“నా చోటే అది! ఎక్కడికి పోను?”

“నీళ్లు నీ ఈశాన్యానికి పోయాయి. నువ్వు నైరుతికి పో.”

గేటు బయట నవ్వులు. గంగయ్య గొణుక్కుంటూ వల భుజాన వేసుకున్నాడు. జనం పక్క సందులోంచి తిరిగి వచ్చి ఎదుట నిలబడ్డారు. మొహాలు మళ్లీ కనపడ్డాయి, నోరూ మళ్లీ లేచింది. ఒకరిని చేప ముదురుదని, ఇంకొకరిని పొలుసు తీసుకునే ఓపిక కూడా లేదా అని దులిపేసింది. పొద్దెక్కేదాకా చెయ్యి ఆగలేదు. టీచరుగారు సంచీ ముడేస్తూ, వచ్చే వారం చుట్టాలొస్తున్నారు, రెండు తెస్తానని చెప్పి వెళ్లింది.

ఆఖరి గిన్నె కడిగి, అచ్చాయమ్మ రెండు అరచేతులూ గట్టుకు ఆనించి లేచి నిలబడింది. ఎవరి చెయ్యీ అడగలేదు. గంగయ్య ఆ వలతో గోదావరిలో పట్టిన చేప ఒకటి తీసుకుని వచ్చాడు.

“ఇది కూడా కోసెయ్. నేను కూర్చుని పొలుసు తీస్తాను,” అంటూ గట్టెక్కబోయాడు.

“అది నా కాళ్ల కొలతకు కట్టింది,” అంది అచ్చాయమ్మ. “నీ మోకాళ్లు బాగానే ఉన్నాయిగా, కింద కూర్చో.”