ఎర్రన్న కుస్తీ చూడటానికి నవువా వెళ్లాం

గిర్మిట్ అనే కూలి ఒప్పందం గడువు ముగిసి, ఇక మీరు స్వతంత్రులు అన్న కాగితాలు మా ఆలుమగలిద్దరి చేతికీ వచ్చిన ఏడాదే ఈ ప్రయాణం చేశాం. అంతకుముందు నేను చేసిన ప్రయాణాలన్నీ ఎవరో ఒకరు పంపితే చేసినవే. ఏజెంటు మద్రాసు డిపోకు తీసుకెళ్లాడు. ఓడ నుకులావు దీవిలో దించింది. అక్కడినుంచి రారవాయి చెరుకు తోటలకు పంపారు. పొమ్మంటే పోయాను, దిగమంటే దిగాను. మా ఇష్టంతో, మేము అనుకున్న రోజున, మేము కోరుకున్న చోటికి బయలుదేరడం ఇదే మొదలు. దానికి కారణం ఎర్రన్న అనే మల్లుడు.

రారవాయి మిల్లులో నాది బాయిలరు దగ్గర పని. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లను ఇక్కడ హిందుస్తానీలంటారు, మన వైపు నుంచి వచ్చినవాళ్లందరినీ కలిపి మద్రాసీలంటారు. నాతో పనిచేసే హిందుస్తానీలకు కుస్తీ అంటే ప్రాణం. ఆదివారం పూట మిల్లు వెనక మెత్తని నేల చూసుకుని పట్లు పట్టేవారు. మేము దగ్గరకు వెళితే నవ్వేవారు. అన్నం తినే కడుపులకు కుస్తీ ఎందుకు, పోయి పులుసు కాచుకోండి అనేవారు. అలాంటి రోజుల్లో నవువా నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడి ఎస్టేటులో ఎర్రన్న అనే మద్రాసీ ఎదురొచ్చిన ప్రతివాడినీ వెల్లకిలా పడేస్తున్నాడట. రాబోయే తాజియా పండుగనాడు రేవా నుంచి వచ్చే జగేసర్ అనే మల్లుడితో తలపడతాడట. మన ఊళ్లలో పీర్ల పండుగ అనేదాన్నే ఇక్కడ తాజియా అంటారు.

ఇంటికొచ్చి నా పెళ్లాం అచ్చమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి ముందునుంచి లేచి నిలబడింది.

"ఎర్రన్నంటే మెడ పొట్టిగా, సెవులు సితికిపోయినట్టుంటాయి, ఆడేనేటి? ఆడు మా జహాజీ!"

ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఇక్కడ ఒకరినొకరు జహాజీ అనుకుంటారు. తోడబుట్టినంత చుట్టరికం అది. అచ్చమ్మ నా ఓడలో రాలేదు, తర్వాతి ఓడలో వచ్చింది.

"నువ్వు ఎల్లకపోతే నానొక్కత్తినే ఎల్తాను" అంది. ఇక ఆలోచించేదేముంది?

తెల్లవారుజామున మిల్లు కూత వేసే వేళకు చెరుకు రైలుబండి మీద లౌతోకాకు బయలుదేరాం. చెరుకు మోసే పెట్టెలకే బల్లలు బిగించి మనుషులను ఎక్కిస్తారు, టికెట్టు ఉండదు. ఎవరైనా వెళితే ఇంజనుకు దూరంగా కూర్చోండి. నిప్పురవ్వలు పడి నా కండువాకు చిల్లు పడింది. ఒకవైపు సముద్రం, ఒకవైపు చెరుకు. ఇన్నేళ్లు ఆ చెరుకును కత్తి పట్టుకుని దగ్గరగా చూశానే తప్ప, గాలికి అదంతా ఒక్కసారిగా వాలి లేవడం అంత దూరం నుంచి ఎప్పుడూ చూడలేదు. అచ్చమ్మ కూడా దాన్నే చూస్తూ కూర్చుంది.

లౌతోకాలో మధ్యాహ్నం స్టీమరెక్కాం. మాది డెక్కు టికెట్టు. పడుకోవడానికి చాప, తాగడానికి చెంబు మనమే తెచ్చుకోవాలి. రొట్టెలు, ఎండుమిరపకాయల పచ్చడి అచ్చమ్మ మూటకట్టింది. డెక్కు మీద సగంమంది తాజియాకు పోయేవాళ్లే. మాటలన్నీ కుస్తీ గురించే. గుడ్డలమ్ముకునే అరవాయన ఒకడు, ఎర్రన్న గుమ్మంలో వంగకుండా దూరలేడని చెప్పాడు. రేవాకు పోతున్న ఒక ముసలామె, వాడు ఒక్కపూటకు మేకను తింటాడంది. గిర్మిట్‌లో ఉన్న మనిషికి మేకెవరిస్తారని ఎవరూ అడగలేదు. నేనూ నోరు తెరుచుకుని విన్నాను.

అచ్చమ్మ మాత్రం నవ్వింది. "అంత పొడుగేటి కాదు. నా బుజం కాడికి కొంచెం పైన."

"మరి ఎందుకు అందరూ ఆడి పేరే సెప్పుకుంటారే?" అన్నాను.

ఆమె రొట్టెల మూట విప్పుతూ చెప్పింది. "ఓడలో అందరం వాంతులు సేసుకుని, ఏడిసి, మూలకి పడిపోయినాం. ఎవులికీ తల దువ్వుకోడానికి కూడా మనసు లేదు. ఈడు మాత్రం పొద్దున్నే డెక్కు మీదకెళ్లి దండీలు తీసీవోడు. రోజూ. పిచ్చోడనుకున్నాం. తరవాత తరవాత అందరం లేచెల్లి సూసీవోళ్లం. ఆడు దండీలు తీస్తంటే, మేమింకా మనుసులమేలే అనిపించీది."

మర్నాడు సువాలో దిగేసరికి వాన. రేవు పక్కన రేకుల చావిడిలో తలదాచుకుని, వాన తెరిపిచ్చాక నవువా పోయే లాంచి ఎక్కాం. మడ అడవుల మధ్య నదిలోకి మలుపు తిరిగాక నీళ్లు మట్టిరంగుకు మారాయి. లాంచి నడిపే కాయివీతీ, అంటే ఈ దేశపు మనిషి, మమ్మల్ని ఎక్కడికని సైగ చేశాడు. "కుస్తీ" అన్నాను. అతని ముఖం విప్పారింది. చుక్కాని వదిలేసి రెండు జబ్బలూ చరుచుకున్నాడు.

"ఎరానా! ఎరానా! వినాకా!"

వినాకా అంటే వాళ్ల భాషలో బాగు అని. లాంచి వంకర తిరిగి ఒడ్డుకు గుద్దుకునేలోగా మళ్లీ చుక్కాని పట్టుకున్నాడు. తన కొబ్బరిచిప్పలోని నంగోనా అనే వేరు కషాయం నాకూ పోశాడు. నాలుక తిమ్మిరెక్కింది. ఒక మద్రాసీ పేరు విని కాయివీతీ పొంగిపోవడం చూసి నా ఛాతీ కూడా కాస్త పొంగింది.

నవువాలో మా బస మస్తాను ఇంట్లో. నా ఓడలో వచ్చిన నెల్లూరు మనిషి. ఊళ్లో పీరు ఎత్తిన కుటుంబం. ఇక్కడ వెదురుబద్దలు, రంగు కాగితాలతో ఊరేగించే తాజియా గూళ్లు కట్టేది అతనే. "జహాజీ, వచ్చినావా! రాండి, రాండి" అంటూ నా చేయి వదల్లేదు. అతని భార్య చేపల పులుసు, అన్నం పెట్టింది. ఎర్రన్న గిర్మిట్ ఇంకా ఎందుకు తీరలేదో మస్తాను అప్పుడు చెప్పాడు. ఒక ఆడమనిషిని కొట్టబోయిన సర్దారును, అంటే కూలీల మేస్త్రీని, ఎర్రన్న పక్కకు నెట్టాడట. జైల్లో పెట్టి, ఆ రోజులన్నీ గడువుకు కలిపారట. "కులంబరుకు ఆయనంటే కడుపుమంట" అన్నాడు మస్తాను. తోటల మీద అజమాయిషీ చేసే తెల్లదొరను కులంబరు అంటారు.

పండుగనాడు పొద్దున్నే గాలిలో కాలిన వాసన. తోటలో ఒక చెక్క, అంటే ఒక చెరుకు మడి, అంటుకుందని, కాలిన చెరుకు ఆగితే పాడవుతుంది గనుక కొందరు సెలవు మానుకుని నరకాల్సిందేనని కబురు. మేము పట్టించుకోలేదు. నది ఒడ్డున మైదానంలో డప్పులు మోగుతున్నాయి. తాజియాలు సాయంత్రం నదిలో కలుపుతారు, ఆలోపే కుస్తీ. నల్లమట్టి తవ్వి, మెత్తగా చేసి గోదా సిద్ధం చేశారు. ఒకవైపు హిందుస్తానీలు, ఇంకోవైపు మావాళ్లు. మిఠాయిలు, వేయించిన శనగలు అమ్ముతున్నారు. జగేసర్ వచ్చాడు. పొడుగరి, నూనె రాసిన ఒళ్లు, చెయ్యి చాపితే నా తొడంత ఉంది. గోదా అంచున కూర్చున్నాడు.

ఎర్రన్న రాలేదు. ఎండ నడినెత్తికొచ్చి దిగడం మొదలైంది. అప్పుడు ఎస్టేటు సర్దారు వచ్చి, ఎర్రన్న కాలిన చెక్కలో ఉన్నాడని, ముగ్గురి టాస్కు, అంటే రోజువారీ పని, ఒక్కడికి వేశారని, తీరేసరికి చీకటి పడుతుందని చెప్పాడు. పని వదిలి వస్తే మళ్లీ జైలే. హిందుస్తానీల వైపు నుంచి జగేసర్ గెలిచాడని కేకలు లేచాయి. ఎవరో పూలదండ కూడా తెచ్చారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను.

జగేసర్ దండను చేత్తో పక్కకు తోశాడు. "ఊ కహాఁ హై?" అని సర్దారును అడిగాడు. వాడెక్కడున్నాడని. సర్దారు తోట వైపు చెయ్యి చూపించాడు. జగేసర్ లేచి, లంగోటా మీద పంచె చుట్టుకుని అటు నడిచాడు. జనమంతా వెనకాలే కదిలాం. డప్పులవాళ్లు డప్పులు చంకన పెట్టుకుని వచ్చారు.

నల్లగా కాలిన చెరుకు మధ్య ఒక పొట్టి మనిషి వంగి నరుకుతున్నాడు. తలనుంచి కాలిదాకా మసి. మమ్మల్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు. "ఈడే" అంది అచ్చమ్మ మెల్లిగా. గుమ్మంలో వంగేంత పొడుగు లేడు. మేకను తిన్నవాడిలా కూడా లేడు.

జగేసర్ సర్దారు దగ్గర చెరుకు కత్తి లాక్కున్నట్టే తీసుకున్నాడు. మావాళ్లు నలుగురైదుగురు మేమూ నరుకుతామని ముందుకొస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊ థకా, హమ్ తాజా. ఈ కౌన్ కుస్తీ?"

వాడు అలిసిపోయి, నేను తాజాగా ఉంటే అది ఏం కుస్తీ అని. అందుకే నరకాల్సింది తానొక్కడే. సాలుకు రెండో కొసన వంగాడు.

ఎర్రన్న అప్పుడు తలెత్తాడు. "భయ్యా, ఇది నా టాస్కు. నీకేటి పని?" అన్నాడు.

జగేసర్‌కు తెలుగు రాదు. జవాబుగా చెరుకు మొదలు మీద కత్తి వేశాడు.

ఇంతలో కులంబరు గుర్రం మీద వచ్చాడు. చేతిలో కొరడా. మేమంతా చెదిరిపోబోయాం. గడువు తీరినా ఆ కొరడా చూస్తే నా కాళ్లు వాటంతటవే వెనక్కి పడ్డాయి. జగేసర్ నిలబడి, కత్తి కిందికి దించి, దొర కళ్లలోకి చూశాడు. అతను గిర్మిట్ తీరిన మనిషి, దొరకు అతని మీద హక్కు లేదు. ఎర్రన్న మాత్రం నరుకుతూనే ఉన్నాడు. టక్ టక్ మని ఆ ఒక్క చప్పుడే వినబడింది. దొర ఆ సాళ్లను, కదలని జనాన్ని చూశాడు. "జల్దీ కాటో", త్వరగా నరకండి, అని గొణిగి గుర్రం తిప్పాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడం నా వల్ల కాదేమో. చెరో కొసనుంచి ఇద్దరూ సాలు మధ్యకు వచ్చారు, మళ్లీ కొసలకు వెళ్లారు. జగేసర్ నూనె ఒంటికి మసి ఇంకా గట్టిగా పట్టింది. అచ్చమ్మ చెంబుతో నీళ్లు తీసుకెళ్లింది. ఎర్రన్న సగం తాగి, చెంబు జగేసర్‌కు ఇచ్చాడు. అతను ఎంగిలి అనుకోకుండా మిగతాది తాగేశాడు. హిందుస్తానీలలో ఒక్కరూ ఏమీ అనలేదు. ఆఖరి గెడ పడ్డాక డప్పులు మోగాయి.

కడుక్కునే వ్యవధి లేదు, పొద్దు వాలుతోంది. అలాగే మైదానానికి వచ్చి గోదాలోకి దిగారు. జబ్బలు చరిచి చేతులు కలిపారు. ఎర్రన్న కిందినుంచి దూరి తొడ పట్టాడు. జగేసర్ అతన్ని గాలిలోకి ఎత్తాడు, ఎర్రన్న గాలిలోనే తిరిగి కాళ్ల మీద దిగాడు. జనం హోరెత్తారు. కాసేపటికి ఇద్దరూ కలిసి దొర్లుతుంటే ఎవరు ఎవరో తెలియలేదు. ఇద్దరూ ఒకే నలుపు, తెల్లగా కళ్లు, పళ్లు మాత్రమే. పైనున్నవాడిని చూసి "ఎర్రన్నా, వదలకు!" అని గొంతు చించుకున్నాను. అచ్చమ్మ నా మోచెయ్యి లాగింది. "ఎర్రన్న కిందోడు!" నా పక్కనే ఒక హిందుస్తానీ అప్పటిదాకా జగేసర్ అనుకుని ఎర్రన్నకు చప్పట్లు కొడుతున్నాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. ఆ తర్వాత ఎవరు పైకొస్తే వాళ్లకు అరిచాం. నా జీవితంలో అంత ఆనందంగా ఎప్పుడూ అరవలేదు.

చివరకు జగేసర్ మెడ పట్టు బిగించి, నడుం మీదుగా తిప్పి వేశాడు. ఎర్రన్న వీపు నేలకు తగిలింది. ఓడిపోయాడు. ఎర్రన్న లేచి, జగేసర్ గుండె మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు, అతను తల ఊపాడు. అప్పుడు రెండు వైపుల నుంచీ జనం గోదాలోకి ఉరికారు.

నదిలో తాజియాలు కలుపుతున్నప్పుడు ఒళ్లు కడుక్కుంటున్న ఎర్రన్న దగ్గరకు వెళ్లాం.

"అన్నా, నన్ను పోల్సినావా?" అంది అచ్చమ్మ.

అతను ముఖం మీది నీళ్లు తుడుచుకుని చూశాడు. "ఓలమ్మ, జహాజీ! నాను దండీలు తీస్తంటే నవ్వీదానివి."

"ఓడిపోనావు కదన్నా" అన్నాను, ఏమనాలో తోచక.

"ఆడు గట్టోడు. ఏమారలేదు నాను, ఉన్నదంతా పెట్టీసినాను, అయినా ఎత్తీసినాడు." నది అవతలి వైపు చూశాడు. "ఇన్నేళ్లలో నా టాస్కు మీద ఇంకొకడు సెయ్యేసింది ఇయ్యాలే. నానెలా మర్సిపోతాను?"

మర్నాడు పొద్దున గంట కొట్టగానే అతను పనికి వెళ్లిపోయాడు. మేము లాంచి ఎక్కాం. మస్తాను మాకు అరటిపళ్లు, రొట్టెలు కట్టించాడు. సువాలో మళ్లీ వాన, స్టీమరులో మళ్లీ డెక్కు. వచ్చేటప్పుడు నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడని నా పెళ్లాం తిరుగు ప్రయాణంలో అడిగినవాళ్లందరికీ కుస్తీ కథ చెప్పింది. మల్లుణ్ణి జనం ఎందుకు నెత్తిన పెట్టుకుంటారో నాకు ఆ చెరుకు చెక్కలో అర్థమైంది. బలం చాలామందికి ఉంటుంది. కులంబరుకూ ఉంది. ఆ బలంతో ఒక మనిషి ఏం చేశాడో చూసినప్పుడు, మనం కూడా అలా చేయగలమేమో అని ఒక్క నిమిషం అనిపిస్తుంది. ఆ నిమిషం కోసం ఎంత దూరమైనా పోవచ్చు.

లౌతోకా నుంచి బండిలో మా ఎదుట ఒక ముసలి హిందుస్తానీ కూర్చున్నాడు. తాజియాకు పోలేకపోయానని బాధపడుతూ కుస్తీ ఏమైందని అడిగాడు. అచ్చమ్మ వచ్చీరాని హిందీలో మసి, కత్తులు, చెంబు నీళ్లు అన్నీ చెప్పింది. "మీవాడే గెలిచాడు" అని ముగించింది.

ఆయన సంతోషంతో తల ఊపాడు. తర్వాత మా వైపు వంగి ఆ మద్రాసీ పేరేమిటని అడిగాడు.

"ఊ మద్రాసీ కే నామ్ కా హై?"

"ఎర్రన్న" అంది అచ్చమ్మ.

"ఎరన్నా" అన్నాడు ఆయన. సరిగా పలకలేదనుకుని, ఆమె పెదాల వంక చూస్తూ మళ్లీ అన్నాడు. "ఎర్రన్న."