వణుకు లేని బ్లోయరు

నా చదువు మీద మా ఫిట్టరుకు నమ్మకం పోయిన రోజు గురించి చెబుతాను. నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళు మాత్రం ఇది చదవకపోతే మంచిది.

కంప్యూటర్ మానిటర్లు ఇంకా బొజ్జలతో ఉన్న రోజులవి. అనకాపల్లి శివార్లలో బెల్లం పొడి చేసే ఫ్యాక్టరీలో నేను కొత్త ట్రైనీని. కంప్యూటర్లో కొలతల కార్డు ఒకటి బిగించి, దాని వైరు గాలి ఊదే పెద్ద బ్లోయరుకు తగిలించి, అదెంత వణుకుతోందో తెర మీద చూడాలి. కార్డు సెకనుకు నాలుగు వందల సార్లు కొలిచేలా పెట్టాను. దానికి పదహారు ఛానెళ్ళు, అంటే పదహారు వైర్లు తగిలించుకునే దారులు. వైరు ఉన్నది ఒక్కదానికే అయినా, దర్జాగా ఉంటుందని పదహారూ ఆన్ చేశాను.

తెర మీద గీత గాఢనిద్రలో ఉన్నవాడి ఊపిరిలా మెల్లగా లేచి, మెల్లగా దిగింది.

"వణుకు లేదు," అన్నాను.

ఫిట్టరు సన్యాసిరావు నన్ను వింతగా చూశాడు. "ఏటి బాబూ, కాళ్ళ కింద నేల అదురుతుంటే వణుకు నేదంటారేటి? సెయ్యెట్టి సూడండి."

పెట్టాను. మోచెయ్యి దాకా జిల్లుమంది. తెర వైపు చూశాను. అది హాయిగా నిద్రపోతోంది. ఈలోగా బల్ల మీది టీ గ్లాసు తనంతట తానే అంచుదాకా నడిచి కింద పడింది. బాగా ఆలోచించి, బల్ల కాలి కింద అట్టముక్క పెట్టాను. నవ్వకండి, అప్పటికి నాకు తెలిసిన సైన్సు అంతే.

'బ్లోయరు భేషుగ్గా ఉంది' అని రిపోర్టు రాసి, మా ఇంజినీరు మేరీగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ సంతకం పెడితే బ్లోయరు వారం రోజులు ఆగకుండా తిరగాలి. పెన్ను మూత తీసిన మనిషి మళ్ళీ పెట్టేసి, వచ్చి తెర చూశారు.

"సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తున్నావు?"

"నాలుగు వందలు మేడమ్."

"ఎన్ని ఛానెళ్ళ మీద?"

"పదహారు."

"ఆ నాలుగు వందల్నీ పదహారూ పంచుకుంటాయి. ఒక్కోదానికి పాతిక. మరి బ్లోయరు సెకనుకి ఎన్ని చుట్లు తిరుగుతుంది?"

"సుమారు పాతికే మేడమ్. సరిపోయింది కదా," అన్నాను సంతోషంగా.

ఆవిడ పక్కనున్న కుర్చీ చూపించారు. "నువ్వు గది చుట్టూ పరిగెడుతున్నావనుకో. కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడల్లా మాత్రమే నేను కళ్ళు తెరిస్తే, నువ్వు కదలనేలేదనుకుంటాను. నీ కార్డు చేస్తున్నది అదే, చుట్టుకి ఒక్కసారే చూస్తోంది. ఖాళీ ఛానెళ్ళు తీసెయ్."

అర్థమైనట్టు తలూపాను, ఏమీ అర్థం కాకుండానే. పదిహేనూ తీసేశాను. గీత తెర పై అంచుకూ కింది అంచుకూ ఒకటే కొట్టుకోసాగింది.

"మేడమ్, కంప్యూటరు పాడైపోయింది," అంటూ దాని స్విచ్ కట్టేశాను.

సన్యాసిరావు నా భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. "బాబూ, ఆపాల్సింది దాన్ని కాదండి. బ్లోయర్ని."

ఆయనే వెళ్ళి ఆపాడు. అడుగున నాలుగు బోల్టుల్లో రెండింటిని వేళ్ళతో తిప్పితే ఊడి వచ్చాయి.

అందుచేత, పాఠక మహాశయులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. వైరు లేని ఛానెలును ఈ జన్మలో ఆన్ చెయ్యను. కంప్యూటరు మొదటిసారి నిజం చెప్పినప్పుడు దాని నోరు మూయను.