చిరుగుతోక

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒకటే వేళాకోళం. కూతురూ అల్లుడూ వచ్చి కూర్చునేవాళ్ళు. ఇంటాయన అప్పుడే చెరువు నుంచి తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, తన కుర్చీలో ఒదిగి కూర్చునేవాడు. అల్లుడు గొంతు సవరించుకునేవాడు.

“మామయ్యగారూ, ఇవాళ ఎన్ని?”

“మూడు.”

“మరి ఏవీ?”

“వదిలేశాను.”

ఇక చూడండి నవ్వులు. అందరికంటే పెద్దగా నవ్వేది ఇంటావిడే. ఇన్నేళ్ళలో ఆ ఇంటి గుమ్మం దాటి ఒక్క చేప లోపలికి రాలేదు, పొలుసైనా కనబడలేదు. పట్టడం ఎందుకు, వదలడం ఎందుకు? కవరు కుట్టి, వెంటనే కుట్లన్నీ విప్పేసి, బట్టని మళ్ళీ కొట్టువాడికి ఇచ్చొచ్చినట్టుంది కదా ఈ వ్యవహారం!

కవర్ల మాట ఎందుకొచ్చిందంటే, ఆవిడ పని అదే. కార్లకీ వ్యాన్లకీ సీటు కవర్లు కుడుతుంది. వీధిలో అందరికీ సీట్లక్క. చిరుగు కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. బస్సెక్కినా సరే, ముందు సీటుకి ఊడిన కుట్టులోకి వేలు పోనిచ్చి, లోపల స్పాంజి ఏ రకమో చూసిగానీ కూర్చోదు. గోడ గడియారం ఆగితే విప్పుతుంది, ఆగకపోయినా ఒక్కోసారి విప్పుతుంది. అంత కుతూహలం ఉన్న మనిషి మొగుడి ఆదివారాన్ని మాత్రం ఎన్నడూ విప్పి చూడలేదు. నీళ్ళంటే భయం ఒక కారణం. నవ్వుకోవడానికి ఇంట్లో ఒక సరదా ఉండటం బాగానే ఉంది, అది రెండో కారణం.

ఆయన లిఫ్టు మెకానిక్. వారమంతా ఎవరెవరి మేడల్లోనో, చీకటి గోడల మధ్య వేలాడుతూ ఇనుప తాళ్ళకి గ్రీజు రాస్తాడు. ఇంటికొస్తే నోట్లో నాలుక లేని మనిషి. కూర బాగుంటే ఇంకొంచెం వేసుకుంటాడు, బాగోకపోతే మంచినీళ్ళు తాగుతాడు, అదే ఆయన అభిప్రాయం. ఆ నోటి నుంచి నాలుగు మాటలు కలిసి రాలేది ఒక్క చేప గురించే. ఆయన పట్టేది బాస్ అనే రకం. ఆకుపచ్చ ఒళ్ళు, పక్కన నల్లటి చార, తలకి మించిన నోరు. ఆ చెరువులో గాలం వేసేవాళ్ళంతా దాన్ని ఆటకే పడతారు, చూసుకుని తిరిగి నీళ్ళలో పెడతారు. వాటిలో ఒకటుందట, రెల్లు పొదల దగ్గర. తోక కింది సగం ఎవరో బిస్కెట్ కొరికినట్టు గుండ్రంగా పోయిందట. కుడి కంటి కింద నల్ల మచ్చట. దాన్ని ఆయన పట్టుకున్నాడట, మళ్ళీ పట్టుకున్నాడట. అల్లుడు దానికి చిరుగుతోక అని పేరు పెట్టాడు. “చిరుగుతోకగారు కులాసానా? పిల్లలకి సంబంధాలు కుదిరాయా?” అని అడుగుతుంటే కూతురు నవ్వలేక పొట్ట పట్టుకునేది. ఆయన తల వంచుకుని కంచంలో మెతుకులు ఏరేవాడు.

ఇదిలా ఉండగా సీట్లక్క ఇంటికి పెద్ద మిషను వచ్చింది. మందమైన తోలుని కూడా బరబరా కుట్టేసే మిషను. దాన్ని పడకగదిలో పెట్టారు. అది మొదలుపెడితే మంచం గోడ దగ్గర నుంచి కదిలి తలుపు వరకూ వచ్చేది. కింది వాటా ఆవిడ చీపురుకర్రతో తన పైకప్పుని పొడిచేది. చివరికి ఇంటి యజమాని వచ్చి తేల్చేశాడు. మిషనన్నా కింద షెడ్డులోకి దించండి, పనన్నా మానండి.

షెడ్డులో పడవ ఉంది. అల్యూమినియం పడవ, దాని చక్రాల బండి మీద, గోడ నుంచి గోడ దాకా. పడవా మిషనూ రెండూ ఆ షెడ్డులో పట్టవు. పడవని బయట పెడదామంటే ఆయన ఒప్పుకోడు. ఎండకి మోటారు వైర్లు పెళుసెక్కుతాయి, వానకి లోపల చెరువవుతుంది. రంగుల కొట్టాయన చాలాకాలంగా ఆ పడవ మీద కన్నేసి ఉన్నాడు. సోమవారం పొద్దున్న వచ్చి, డబ్బిచ్చి పట్టుకెళ్తానని కబురు కూడా పంపాడు.

సీట్లక్క విషయం చెప్పింది. ఆయన విన్నాడు. మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు.

“ఇచ్చేద్దాంలే. నీ పని ఆగకూడదు. కానీ ఈ ఆదివారం ఒక్కసారి నువ్వొచ్చి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం.”

ఇన్నేళ్ళలో ఆయన తనంతట తాను ఒకటి అడగడం ఆవిడకి గుర్తు లేదు. కాదనడానికి నోరు రాలేదు. పైగా లోపల ఎక్కడో దురద మొదలైంది. ఏం చేస్తాడు ఈ మనిషి అక్కడ?

శనివారం సాయంత్రం ఆవిడ షెడ్డులోకి దిగింది. తను ఎక్కబోయే పడవ, కడక్కుండా ఎలా ఎక్కుతుంది? ముందుగా ఎరల పెట్టె తెరిచింది. అరలు అరలుగా విచ్చుకునే ఆ పెట్టె చూసి అలాగే చతికిలబడింది. ఒక అరలో కళ్ళు మిటకరించే చెక్క చేపలు. ఒకదాంట్లో రబ్బరు కప్పలు. ఇంకోదాంట్లో సన్నటి రబ్బరు కుచ్చుల గౌనులేసుకున్న గాలాలు, వాటి నడుం దగ్గర దారం బిగించి చుట్టిన తీరు చూసి సీట్లక్కే మెచ్చుకుంది. ఒక పొట్లంలో మెత్తని రబ్బరు వానపాములు, ఊదారంగువి. ముట్టుకుంటే వేలు జివ్వుమంది. ఇదంతా చేప కళ్ళకి ఎలా కనబడుతుందో! గౌను రంగు చేపకి తెలుస్తుందా? ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియలేదు.

తర్వాత బకెట్లతో నీళ్ళు కుమ్మరించి పడవ లోపలంతా తోమింది. నీళ్ళు పోవడానికి దారి కావాలి కదా. వెనక పలక అడుగున బొటనవేలంత కన్నానికి నల్లటి రబ్బరు బిరడా కనబడింది. లాగింది. మురికి నీళ్ళు భళ్ళున బయటికి పోయాయి. ఎంత తెలివిగా పెట్టారో అనుకుంది. ఊడిన చిన్న వస్తువు ఏది దొరికినా ఆవిడ దాచేది ఒకే చోట. బిరడాని తుడిచి, ఇంట్లోకి తీసుకెళ్ళి, బొత్తాల డబ్బాలో వేసి మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్న చెరువు గట్టున ఆయన ఆవిడకి లైఫ్ జాకెట్ తొడిగాడు. ఆవిడ పట్టీలు లాగి చూసింది. “కుట్టు గట్టిదే,” అంది, కాస్త ధైర్యం వచ్చి. ప్రతి ఆదివారం పడవని నీళ్ళలోకి దించేముందు వెనక వంగి బిరడాని వేలితో నొక్కి చూసుకోవడం ఆయనకి అలవాటు. ఆ రోజు పెళ్ళాం పక్కన నిలబడి “ఇదేంటి, అదెందుకు” అని ఊపిరాడకుండా అడుగుతుంటే, చెప్పే సంతోషంలో ఆ సంగతే మర్చిపోయాడు.

పడవ గట్టు విడిచింది. ఆవిడ రెండు చేతులతో అంచు పట్టుకుని బిగుసుకుపోయింది. కానీ కాసేపటికి భయం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. ఎదురుగా కూర్చున్నది తన మొగుడేనా? ఒకటే మాటలు!

“గాలి అటునుంచి వస్తోంది చూశావా, చిన్న చేపలన్నీ ఇటు కొట్టుకొస్తాయి. అందుకని పెద్దది ఆ రెల్లు నీడలో కాపు కాస్తుంది. ఎండెక్కితే అడుక్కి పోతుంది. మబ్బేస్తే పైకొస్తుంది.”

“అది సరేగానీ, రబ్బరుముక్కని నోట్లో ఎలా పెట్టుకుంటుందండీ? వాసన తెలీదూ?”

“అన్నిసార్లూ ఆకలికే పట్టదు. తన గుమ్మంలోకి ఎవడో వచ్చాడని కోపం కూడా.”

“ఓహో, మన కింది వాటా ఆవిడ అన్నమాట.”

ఆయన నవ్వాడు. పైకే, గట్టిగా నవ్వాడు. పక్కనున్న కొంగలు లేచిపోయాయి. రెల్లుకి దగ్గరగా ఊదారంగు వానపాముని విసిరి, గాలపు కర్ర ఆవిడ చేతికిచ్చాడు. ఏమీ చెయ్యొద్దు, ఊరికే పట్టుకో అన్నాడు.

ఆవిడ పట్టుకుంది. పాదాలు చల్లగా తగిలాయి. కిందికి చూసింది.

“ఏమండీ, పడవలో నీళ్ళుండటం మామూలేనా?”

ఆయన చూశాడు. వెనక్కి పాక్కుంటూ వెళ్ళి నీళ్ళలో చెయ్యి పెట్టాడు.

“బిరడా! బిరడా ఏదీ?”

“ఏ బిరడా?”

“నల్లది, రబ్బరుది, ఇక్కడ ఉండాలి!”

సీట్లక్కకి అప్పుడు వెలిగింది. “అదా… ఎక్కడికీ పోలేదండీ. బొత్తాల డబ్బాలో భద్రంగా ఉంది.”

ఆయన తిడతాడనుకుంది. తిట్టలేదు. ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ వానపాముల పొట్లం చించి, ఉన్నవన్నీ ఒక ముద్దగా మెలేసి, కన్నంలో కుక్కి బొటనవేలితో అదిమాడు. నీళ్ళు ఆగాయి. ఆవిడ కర్రని సీటు కిందికి ఇరికించి, దొరికిన డబ్బాతో తోడి పోస్తోంది. ఆవిడ చేతిసంచీ నీళ్ళలో తేలుతోంది. అందులోని ఫోను అప్పటికే కన్నుమూసింది. ఆయన ఫోను ఎలాగూ గట్టునే, బండిలో ఉంటుంది. ఒకసారి ఒకటి చెరువుకి సమర్పించుకున్నాక మళ్ళీ పడవెక్కించలేదు.

అప్పుడే సీటు కింద కర్ర టకటకమంది.

“పట్టుకో!” అని అరిచాడాయన.

“మీరు పట్టుకోండి!”

“నేను వేలు తీస్తే మునుగుతాం! నువ్వే లాగు… అలా కాదు, వదులు, కొంచెం వదులు… ఇప్పుడు లాగు!”

ఆ తర్వాత ఏం చేసిందో ఆవిడకి సరిగ్గా తెలియదు. కర్ర విల్లులా వంగింది. కర్రకున్న దారపు రీలు గీపెట్టింది. ఉన్నట్టుండి నీళ్ళు పగిలి, ఆకుపచ్చటి ఒళ్ళొకటి గాలిలోకి లేచి, తల విదిలించి, దభీమని పడింది. ఆవిడ కేక పెట్టింది. భయంతో కాదు. చిన్నప్పుడు గోడ దూకి జామకాయ తెంపినప్పుడు వేసిన కేక అది. చివరికి చేప అలసి పడవ పక్కకి వచ్చింది. ఆయన ఒక కాలి మడమని కన్నం మీద అదిమి, వంగి, దాని కింది పెదవిని బొటనవేలితో పట్టి పైకెత్తాడు.

తోక కింది సగం లేదు. బిస్కెట్ కొరికినట్టు గుండ్రంగా పోయింది. కుడి కంటి కింద నల్ల మచ్చ.

సీట్లక్క చూస్తూ ఉండిపోయింది. చిరుగు అంచున వేలు పెట్టి తడిమింది. ఎప్పుడో మానిన పాత గాయం, నున్నగా ఉంది. ఆవిడకి సిగ్గేసింది. పదిమంది ముందు ఎన్ని ఆదివారాలు నవ్విందో గుర్తొచ్చింది. ఆయన ఒక్కసారీ “నిజం” అని ఒట్టేసి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అడగడానికి కూడా ఆవిడకి మొహం చెల్లలేదు.

ఆయనే అన్నాడు, నెమ్మదిగా. “ఫోటో అంటే ఫోను లేదు. బకెట్లో పట్టుకెళ్దామా? ఈ ఒక్కసారికి. అల్లుడుగారు చూస్తారు.”

అడిగే ఆయన గొంతులో ఎంత ఆశ ఉందో ఆవిడకి వినబడింది. చేప మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఇంటికి చేరేలోగా ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

“నువ్వు పట్టింది. నీ ఇష్టం,” అన్నాడు మళ్ళీ.

“పట్టుకెళ్తే వాళ్ళు నమ్ముతారు. మరి వచ్చే ఆదివారం మీరు ఎవరి కోసం వస్తారు?”

రంగుల కొట్టాయన సంగతి ఇద్దరి మధ్యా ఉంది. అది ఇప్పుడే తేలిపోయిందని ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం అటు తిప్పుకున్నాడు.

ఆయన చూపినట్టే ఆవిడ చేపని రెండు చేతులతో నీళ్ళలో నిలిపి పట్టుకుంది. అది ఒక్క క్షణం ఉంది. అంతలో ఆ సగం తోకతోనే ఆవిడ మొహాన నీళ్ళు కొట్టి వెళ్ళిపోయింది.

ఇంటికి ఆలస్యంగా వచ్చారు. తడిసి ముద్దయిన వాళ్ళిద్దర్నీ చూసి అల్లుడి కళ్ళు మెరిశాయి.

“అత్తయ్యగారూ, మీకేమైనా పడిందా?”

“పడింది బాబూ. చిరుగుతోక.”

“ఏదీ?”

“వదిలేశాను.”

బల్ల అదిరిపోయింది. “అయిపోయింది, నాన్న అమ్మని కూడా చెడగొట్టాడు!” అంటూ కూతురు కళ్ళు తుడుచుకుంది. సీట్లక్క ఇంకా వివరంగా చెప్పబోయింది, మచ్చ గురించి, మానిన అంచు గురించి. చెప్పేకొద్దీ నవ్వు పెరిగింది. పిల్లల్లో చెడ్డతనం ఏమీ లేదు. తనూ ఇలాగే నవ్వేది. కానీ ఈ వైపు కుర్చీలో కూర్చుంటే అది ఎలా తగులుతుందో ఆ రోజే తెలిసింది. ఎదురుగా ఆయన కంచంలో మెతుకులు ఏరుతూ, ఎవరికీ కనబడకుండా ఆవిడ వైపు చూశాడు.

ఆవిడ చెయ్యి కడుక్కుని, టేపు మెడలో వేసుకుని, కిందికి దిగింది. పడవ పొడవూ వెడల్పూ, మోటారు దగ్గర ఎత్తూ కొలుచుకుంది. ఊళ్ళో బండ్లన్నిటికీ కవర్లు కుట్టే తనకి ఈ పడవకి ఒకటి కుట్టాలని ఎందుకు తోచలేదు? తోచకేం, కుట్టాలనిపించలేదు. సోమవారం పొద్దున్న రంగుల కొట్టాయన వస్తే, ఇవ్వడం లేదని గుమ్మంలోంచే చెప్పి పంపేసింది. పడవ షెడ్డు బయటికి వచ్చింది, మిషను లోపలికి వెళ్ళింది. ఆ కొత్త చోట మిషను మీద మొదట కుట్టింది పడవ కవరే. నీరు దిగని బట్ట, రెండు వరసల కుట్టు. వెనక, లోపలి వైపు, బొత్తంతో మూసుకునే చిన్న జేబు, బిరడాకి.

తర్వాతి ఆదివారం ఆయన ఒక్కడే వెళ్ళొచ్చాడు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

“ఆగు బాబూ,” అంది సీట్లక్క. గరిటె పక్కన పెట్టి మొగుడి వైపు తిరిగింది. “చిరుగుతోక రెల్లు దగ్గరే ఉన్నాడా? నేను పెట్టిన గాలం గాయం మానిందా?”

ఆయన తలెత్తాడు. మంచినీళ్ళ గ్లాసు తీసుకోబోయి, తీసుకోకుండానే పక్కకి జరిపాడు. గాలి ఎటునుంచి వచ్చిందో, అక్కణ్ణించి చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు.