మావయ్య వెల్డింగు మీద ఎర్ర గీత

ఆ రోజుల్లో మా భిలాయిలో ఉద్యోగం అంటే స్టీలు ప్లాంటులో ఉద్యోగమే. మిగతావన్నీ "ఏదో చేస్తున్నాడులెండి" కిందకి వచ్చేవి. సెక్టర్ 2 క్వార్టర్లో మా నాన్న రిటైర్మెంటుకి దగ్గరపడుతుంటే, నేను ఆ "ఏదో" కూడా చెయ్యకుండా, పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఇంజినీరింగు లెక్కల పుస్తకాలు ఎవరూ చెప్పకుండానే చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. (కొలవడం నాకు జబ్బు. అమ్మ వేసిన అట్టు వెడల్పు కూడా స్కేలు పెట్టి చూసేవాణ్ణి. అమ్మ సంతోషించేది కాదు.) చివరికి మా మేనమామ జాలిపడి, తను వెల్డరుగా చేసే ప్రైవేటు షెడ్డులో నన్ను తనిఖీ విభాగంలో పెట్టించాడు. విభాగం అంటే నేనూ, ఒక బల్లా, ఒక భూతద్దం.

ఆ షెడ్డులో అణు విద్యుత్ కేంద్రాలకి వెళ్ళే పెద్ద పెద్ద స్టీలు మూతలు తయారయ్యేవి. అక్కడ ఒకసారి బిగించాక, మళ్ళీ విప్పి చూడటానికి మనిషి దగ్గరకి వెళ్ళడం కష్టం. అందుకని ప్రతి అతుకునీ ముందే పరీక్షించాలి. పరీక్ష చాలా సులువు. అతుకుని శుభ్రంగా తుడిచి ఎర్ర ద్రవం పూస్తాం. కాసేపాగి దాన్ని తుడిచేసి, పైన తెల్ల పొడి కొడతాం. ఎక్కడైనా పగులుంటే, అందులో దాక్కున్న ఎరుపు ఆ తెలుపులోకి ఊరి బయటికి వస్తుంది. తెల్లగా ఉంటే మంచిది, ఎర్రగా కనిపిస్తే నేను లోపం రాయాలి. నా ఉద్యోగం మొత్తం అంతే.

మావయ్యకి ఒక అలవాటు ఉండేది. పూర్తయిన ప్రతి పనికీ కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి పంపేవాడు. "మన సెయ్యి దాటి ఎల్లిపోతాదిరా, ఉత్తి మొహంతో అంపకూడదు," అనేవాడు. నేను చేరిన కొత్తలో ఒక మూత మీద తెల్ల పొడి కొట్టి టీ తాగడానికి వెళ్ళాను. తెల్లగా సున్నం వేసినట్టున్న ఆ మూతని చూసి, పని అయిపోయిందనుకుని మావయ్య భక్తిగా మూడు బొట్లు పెట్టేశాడు. నేను తిరిగొచ్చేసరికి తెల్లటి దాని మీద మూడు ఎర్రటి గుండ్రాలు! వెంటనే స్కేలు తీశాను. వాటి వ్యాసాలు కొలిచాను, మధ్య దూరాలు కొలిచాను, "సమాన దూరంలో మూడు గుండ్రని లోపాలు" అని రాసి పని ఆపించాను. అణు కేంద్రం తరఫున వచ్చిన పెద్ద ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు, వేలితో తాకి వాసన చూశాడు. "బేటా, లోపానికి హల్దీ వాసన ఎందుకొస్తోంది?" అన్నాడు. అది కుంకుమలోని పసుపు వాసన. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి నేను బిందీ ఇన్‌స్పెక్టర్ని. టీ కొట్టువాడు కూడా, "బిందీ భయ్యా, చక్కెర తక్కువా ఎక్కువా?" అనేవాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇది నవ్వుకునే కథే. ఆ ఏడాది వానలు వదల్లేదు. రేకుల కప్పు కింద షెడ్డు ఎప్పుడూ చీకటిగా, తడి తుప్పు వాసనతో ఉండేది. మావయ్య పనిలో అప్పటికే రెండు మూడు చోట్ల లోపాలు దొరికి రిపేర్లు వచ్చాయి. కళ్ళు మసకబారుతున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. ఇంకొక్క రిపేరు వస్తే అణు పనుల నుంచి తప్పిస్తానని షెడ్డు యజమాని సేఠ్ ఆయనకి ముందే చెప్పాడు. ఆ పనులు చేసే వెల్డరుకి షెడ్డులో వేరే మర్యాద. మావయ్యకి ఉన్నదల్లా ఆ మర్యాదే.

సరిగ్గా అప్పుడే, మావయ్య వేసిన అతుకు మీద, తెల్ల పొడిలో సన్నటి ఎర్ర గీత కనిపించింది. గోరంత పొడుగు.

"అరే, ఫిర్ సే బిందీ!" అని, మళ్ళీ బొట్టే అనుకుని హెల్పర్లు నవ్వుతూ మూగారు. సేఠ్ దూరం నుంచే, "బాబూ, ఈసారి ఏ పండగ?" అన్నాడు. మావయ్య నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "నానే ఎట్టినానురా. సెయ్యి జారి గీతైపోనాది. తుడిసీ," అన్నాడు.

తుడిచాను. మొదటినుంచీ మళ్ళీ చేశాను. గీత వచ్చింది.

"ఇంకోపాలి తుడు," అన్నాడు మావయ్య, ఈసారి మెల్లిగా.

తుడిచాను. కుంకుమైతే తుడిస్తే పోతుంది. ఇది లోపల్నుంచి తాపీగా, అదే చోట, అదే వంకరతో పైకి వచ్చింది. హెల్పర్ల నవ్వు ఆగిపోయింది. (నేను భూతద్దం దగ్గరగా పెట్టాను. దాని పొడుగు రెండుసార్లు కొలిచాను.)

"నీకు నానేటి అన్నేయం సేసినానురా, అల్లుడూ?" అన్నాడు మావయ్య. జవాబు కోసం ఆగకుండా వానలోకి వెళ్ళిపోయాడు. నేను లోపం రాసి, ఆ మూతకి ఎర్ర చీటీ కట్టాను.

మర్నాటి నుంచి మావయ్యని షెడ్డు వెనకవైపు, ఇళ్ళ గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే చోటికి పంపేశారు. భిలాయి పక్కనే ఉన్న ఉతై దగ్గర వాళ్ళింటికి ఆదివారం భోజనానికి వెళ్తే అత్త వడ్డించింది గానీ, నోరు మాత్రం ఊరుకోలేదు. "ఆ గీత లోకంలో నీకొక్కడికే అగుపడ్డాదేటి? రాయకపోతే నీ సేతులిరిగిపోతాయేటి?" అంది. నేను నెత్తళ్ళ కూరలో ముళ్ళు ఏరుతూ కూర్చున్నాను. మావయ్య కంచం ముందు నుంచి తల ఎత్తలేదు. ఆ తరవాత చాలా ఆదివారాలు అలాగే గడిచాయి.

చలికాలం వచ్చాక ఒకరోజు, సైకిళ్ళ స్టాండు దగ్గర మావయ్య నా వెనకే వచ్చి నిలబడ్డాడు. చేతుల నిండా గ్రిల్లుల నల్ల రంగు.

"రిపేరుకి గీకినప్పుడు, ఎంత లోతు పోనాదిరా?" అన్నాడు. ఏ గీత అని నేను అడగలేదు.

"రెండు పాయింట్ ఏడు మిల్లీమీటర్లు, మావా," అన్నాను, పిలిస్తే పలికినంత చప్పున.

ఆయన చేతి మీది రంగుని గోటితో గీకాడు. అంత లోతంటే అది పైపైన గీరుకున్నది కాదనీ, బిగించాక ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకునేదనీ నాకంటే ఆయనకే బాగా తెలుసు. "పాయింట్ ఏడు కూడానేట్రా," అని, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. నవ్వాడో లేదో నాకు కనపడలేదు. ఆ ఆదివారం మాత్రం కంచం ముందు కూర్చుని, "ఆడికి ఇంకో ముక్కెయ్యే," అని అత్తకి చెప్పాడు.

మావయ్య ఇప్పుడు లేడు. నేను ఇంకా ఎర్ర గీతలు వెతుకుతూనే ఉన్నాను. మళ్ళీ అలాంటి గీత వస్తే మళ్ళీ రాస్తాను, అందులో సందేహం లేదు. కానీ సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసే వస్తాయి. "కొంచెం లోతుగానే ఉంది మావా, ఎవరి చేతికైనా జరిగేదే," అని ఉండొచ్చు కదా. అయితే ఆ మాటలో ఒక్క అంకె కూడా లేదు. అంకె లేని మాట ఆ వయసులో వాడికి వచ్చేది కాదు.